ఫారంలో గడి లేని నీళ్ళు

ఈమధ్య మా రాయచోటి వైపు పిల్లలు కూడా 'గ్రీన్ బిల్డింగ్ కన్సల్టెంట్' అని కార్డు అచ్చేయించుకుని గల్ఫ్‌కి వెళ్తున్నారు. వెళ్ళే ముందు ఒకరిద్దరు నా దగ్గరికొచ్చి, "ఆ పని ఎట్లుంటాది పెద్దనాయనా?" అని అడుగుతారు. పరీక్షకి ఏం చదవాలో నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. ఏ పాయింటు ఎలా సంపాదించాలో కంప్యూటరే చెప్పేస్తోంది. అవేవీ నేను చెప్పక్కర్లేదు.

కువైట్‌లో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. చివరి ఏడెనిమిదేళ్ళు ఒక యూనివర్సిటీ క్యాంపస్‌లో కొత్తగా కట్టిన భవనాలకి ఆకుపచ్చ సర్టిఫికెట్టు తెప్పించడమే నా ఉద్యోగం. తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. భవనం కరెంటు తక్కువ తాగాలి, నీళ్ళు తక్కువ వాడాలి, లోపలి గాలి శుభ్రంగా ఉండాలి. ఇవన్నీ లెక్కలతో, కాగితాలతో రుజువు చేస్తే ఒక పరాయి దేశపు సంస్థ పాయింట్లు వేస్తుంది. పాయింట్లను బట్టి బంగారు పలకో వెండి పలకో వస్తుంది. మా పనంతా ఆ పలక చుట్టూ తిరిగేది.

నా జీతం ఎప్పుడు పెరిగింది, కుర్చీ ఎప్పుడు మారింది అన్నవి రాయను. నేను చేసిన తప్పులు రాస్తాను. అవే ఎక్కువ పనికొస్తాయి.

షువైఖ్ షెడ్డు

తొంభైల మొదట్లో నేను దిగింది షువైఖ్‌లో, ఏసీ గాలి మోసే రేకు డక్టులు తయారుచేసే షెడ్డులో. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రేకు మీద సుత్తి దెబ్బలు. నలభై మందిమి ఉండేవాళ్ళం. ఎవరు ఏ భాషలో తిట్టినా ఆ మోతలో అందరికీ ఒకటే వినిపించేది. బ్నీద్ అల్ గార్‌లో ఒక గదిలో ఐదుగురం. శుక్రవారం పొద్దున ఉగ్గాని చేసేవాళ్ళం. బొరుగులు దొరకని వారం అందరికీ మొహాలు వేలాడేవి. ఆ గది మళ్ళీ చూడాలని ఇప్పటికీ అనిపిస్తుంది. అందులో ఉన్నన్నాళ్ళూ ఎప్పుడు బయటపడదామా అనుకున్నాను, అది వేరే సంగతి.

అక్కడ నా మొదటి బాసు ఫారూఖ్ అనే ఈజిప్టు ఆయన. లావుపాటి మనిషి, మెల్లగా నడిచేవాడు, తొందరగా అరిచేవాడు. టీ పోసేవాడి దగ్గర్నుంచి అందరినీ 'ముహందిస్' అనే పిలిచేవాడు, అంటే ఇంజనీరు అని. ఒకసారి ఒక ఆఫీసులో గాలి సరిగ్గా వస్తోందో లేదో కొలవమని నన్ను పంపాడు. ప్రతి జాలీ దగ్గరా మీటరు పెట్టి, అంకెలు రాసుకుని, అన్నీ బాగున్నాయని కాగితం ఇచ్చాను. మర్నాడు ఆ ఆఫీసు నుంచి ఫోను. మూల కూర్చునే గుమాస్తా జూలై నెలలో స్వెట్టరు వేసుకుని పనిచేస్తున్నాడట.

ఫారూఖ్ నన్ను తీసుకెళ్ళి ఆ గుమాస్తా కుర్చీలో కూర్చోబెట్టాడు. "ముహందిస్, ఇక్కడే ఉండు. నేను వచ్చేదాకా లేవకు" అని వెళ్ళిపోయాడు. గంటన్నర తర్వాత వచ్చాడు. అప్పటికి నా మెడ పట్టేసింది, ముక్కు కారుతోంది.

"మీటరు ఏం చెప్పింది?" అన్నాడు.

"బాగుందని చెప్పింది."

"నీ ముక్కు ఏం చెప్తోంది?"

షెడ్డుకి తిరిగి వెళ్ళేదాకా నవ్వుతూనే ఉన్నాడు. వారం రోజులు జలుబు వదల్లేదు. ఆయన దగ్గర నాలుగేళ్ళు పనిచేశాను. అలాంటి బాసు మళ్ళీ దొరకలేదు. ఇప్పుడు ఎక్కడున్నాడో, అసలు ఉన్నాడో లేడో కూడా తెలియదు. తలుచుకుంటే కళ్ళు చెమరుస్తాయి.

పాయింట్ల పిచ్చి

క్యాంపస్ పనిలోకి వచ్చాక మనుషులకంటే పాయింట్లు ఎక్కువయ్యాయి. సైకిలు స్టాండు పెడితే పాయింటు వస్తుందన్నారు. కువైట్ ఎండలో ఇనుప స్టాండు మీద చెయ్యి వేస్తే చర్మం ఊడొస్తుంది. అక్కడికి సైకిలు మీద చదువుకోవడానికి వచ్చే పిల్లవాడు ఇంకా పుట్టలేదు. అయినా పెట్టాం. తోటపని చేసే బెంగాలీ ఆయన దానికి అన్నం సంచి తగిలించుకునేవాడు, తడి తువ్వాలు ఆరేసుకునేవాడు. జనవరి చలిలో రెండు సైకిళ్ళు అరువు తెచ్చి నిలబెట్టి ఫొటో తీసి పంపాం. ఒక సైకిలు మా ఆఫీసులో టీ కాచే ఆయనది. ఆ ఫొటో తీసింది నేనే. ఇప్పుడు నవ్వొస్తోంది కానీ, ఆ రోజు పాయింటు వచ్చిందని పండగ చేసుకున్నాం.

ఇక నీళ్ళ లెక్క. దానికి ఒక ఫారం ఉండేది. భవనంలో ఎంతమంది ఉంటారు, ఒక్కొక్కరు రోజుకి ఎన్నిసార్లు మరుగుదొడ్డికి వెళ్తారు, చేతులు కడగడానికి ఎన్ని క్షణాలు పడుతుంది, కుళాయిలో ఎంత ధార వస్తుంది, ఇవన్నీ గడుల్లో నింపాలి. కమోడుకి ఒక గడి, వాష్‌బేసిన్‌కి ఒకటి, వంటగది సింకుకి ఒకటి. చెయ్యి పెడితే వచ్చి, తీస్తే ఆగిపోయే కుళాయిలు బిగించాం కాబట్టి లెక్క అద్భుతంగా వచ్చింది. నేను నింపాను, ఒక మలయాళీ ఇంజనీరు సరిచూశాడు, మా టీమ్ పెద్ద ఇంజనీర్ హనాన్ సంతకం పెట్టింది. హనాన్ లెబనాన్ ఆవిడ. మాట కరుకు, పని నిక్కచ్చి. అమ్మాయిల బ్లాకుకి బంగారు పలక వచ్చింది. దాని పక్కన నిలబడి ఫొటో దిగి ఇంటికి పంపించాను. మా ఆవిడ దాన్ని టీవీ మీద పెట్టింది.

రత్నకుమారి

భవనంలోకి పిల్లలు వచ్చిన ఏడాదికి అసలు నీళ్ళ మీటరు రీడింగులు పంపాలి. పంపుదామని చూశాను. మేము రాసిన లెక్కకీ మీటరుకీ పొంతనే లేదు. రెట్టింపుకి పైమాటే.

పైపులు ఎక్కడైనా కారుతున్నాయేమోనని వెతికించాం. కారడం లేదు. మరి నీళ్ళు ఎక్కడికి పోతున్నట్టు? సెక్యూరిటీ వాళ్ళు ఒక మాట పుట్టించారు: క్లీనర్లు అక్కడ దుప్పట్లు, బట్టలు ఉతుక్కుంటున్నారని. నడవాలో కెమెరా చూస్తే, ఒకామె బకెట్టూ గుడ్డల మూటా పట్టుకుని వాష్‌రూమ్‌లోకి వెళ్తోంది. అంతే, దొంగ దొరికిపోయింది.

ఆమె రత్నకుమారి. కోనసీమ మనిషి, నలభై దాటి ఉంటాయి. నీలం యూనిఫారం, మెడలో చిన్న శిలువ. అర్దియాలో కంపెనీ ఇచ్చిన గదిలో ఉండేది. నడవాలో కనపడితే "నమస్కారమండి" అనేది, నేను "బాగుండావామ్మా" అనేవాణ్ణి. అంతవరకే మా పరిచయం.

ఆదివారం పొద్దున నన్ను పరిపాలనాధికారి గదికి పిలిచారు. ఆయన్ని అందరూ అబూ ఖాలిద్ అనేవారు. కువైటీ, పెద్దమనిషి, చెడ్డవాడు కాదు. కాకపోతే ఆయనకి ఆ రోజు ఇంకా పది పనులున్నాయి. పక్కన క్లీనింగు కంపెనీ సూపర్‌వైజరు నిలబడి ఉన్నాడు. ఎదురుగా రత్నకుమారి. రీడింగులు తీసింది నేను, తెలుగు వచ్చినవాణ్ణి నేను. అందుకని ఆమె మాట అరబ్బీలోకి మార్చి చెప్పే పని నా మీద పడింది. ఇరవై ఏళ్ళకి దగ్గరపడుతున్న సైటు అరబ్బీ నాది. దానికి గర్వం కూడా ఉండేది.

"ఇక్కడ బట్టలు ఉతికినావా అని అడుగుతాండారమ్మా" అన్నాను.

"తుడిచే గుడ్డలు జాడించేనండి. ఇక్కడ మాకిచ్చిన సామాన్ల గదిలో కుళాయి లేదు కదండి, ఎక్కడ జాడించమంటారు? ఆ గుడ్డలకి ఎన్ని నీళ్ళు పడతాయండి, నాలుగు బకెట్లు. సొంత బట్టలు ఒక్కటి ఉతకలేదండి, ప్రభువు తోడు."

"మరి ఇన్ని నీళ్ళు ఎట్ల ఖర్చయితాండాయి?"

ఆమె నా వైపు సూటిగా చూసింది.

"ఆ పిల్లలు నమాజుకి ముందు మోచేతుల దాకా కడుక్కుంటారండి, కాళ్ళు కడుక్కుంటారండి. బేసిన్‌లో కాలు పెట్టేసరికి ఆ కుళాయి ఆగిపోద్దండి. మళ్ళీ చెయ్యి అడ్డం పెడతారు, మళ్ళీ వస్తది, మళ్ళీ ఆగుద్ది. ఒక్కో కాలికి నాలుగైదు సార్లండి. నేల తుడుస్తున్నది నేనే కదండి, నాకు తెలీదా? ఇంక దొడ్లో ఆ పైపు ఉంది కదండి, దాని నీళ్ళు ఎవరు కొలిచేరు? మీ లెక్కే తప్పేమో, ఒక్కసారి చూసుకోండి సార్."

అబూ ఖాలిద్ నా వైపు తిరిగి, "ఏమంటోంది?" అన్నాడు.

నా చెవుల్లో 'మీ లెక్కే తప్పేమో' ఒక్కటే మోగుతోంది. బంగారు పలక తెచ్చిన లెక్క. ముగ్గురు ఇంజనీర్లు చూసిన లెక్క. దాన్ని నేల తుడిచే మనిషి తప్పంటోంది. నేను అరబ్బీలో చెప్పింది ఇది: "గుడ్డలు ఉతికానని ఒప్పుకుంటోంది. మిగతాది తనకి తెలియదంటోంది."

అబూ ఖాలిద్ నిట్టూర్చి సూపర్‌వైజరుతో, "మీ మనిషి, మీరు చూసుకోండి" అన్నాడు. గురువారం ఇఖామా, అంటే అక్కడ ఉండే పర్మిట్టు, రద్దుచేసి విమానం ఎక్కిస్తామని వాడు చెప్పాడు. ఆ మాట కూడా తెలుగులో నేనే చెప్పాలి. చెప్పాను. రత్నకుమారి ఏడవలేదు. "మా అమ్మాయి నర్సింగు సగంలో ఉందండి" అంది. ఆ మాట నేను ఎవరికీ అనువదించలేదు. ఎవరూ అడగలేదు కూడా.

గోడకి వేలాడే పైపు

ఆ మధ్యాహ్నం భోజనం సహించలేదు. మగపిల్లల బ్లాకులో మరుగుదొడ్డికి వెళ్ళాను. ఇలాంటివి రాయొచ్చో రాయకూడదో తెలియదు కానీ, రాయకపోతే ఈ కథే లేదు. పని అయ్యాక అలవాటు ప్రకారం చెయ్యి చాపి గోడకి వేలాడే పైపు అందుకున్నాను. అక్కడ దాన్ని షత్తాఫ్ అంటారు. మీట నొక్కాను. నీళ్ళు వచ్చాయి.

ఫారంలో దీనికి గడి లేదు.

ఆ ఫారం తయారుచేసినవాళ్ళ దేశంలో కాగితంతో తుడుచుకుంటారు. వాళ్ళకి ఆ గడి అక్కర్లేదు. వాళ్ళ తప్పు లేదు. మరి నేను? పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి చెంబు పట్టుకున్నవాణ్ణి. ఒక రోజు విమానంలో నీళ్ళు లేకపోతే ప్రాణం మీదికొచ్చినట్టు అల్లాడిపోయే మనిషిని. నాకు తట్టలేదు. మలయాళీకి తట్టలేదు. హనాన్‌కి తట్టలేదు. ఆ ఫారం ఎంతమంది చేతులు మారిందో, ఆ చేతులన్నీ నీళ్ళతో కడుక్కునేవే. గడులున్నవే నింపాం. గడి లేనిదాన్ని రోజూ చేత్తో పట్టుకుంటూ కూడా చూడలేదు.

ఆ రోజూ మర్నాడూ నమాజు వేళల్లో, అమ్మాయిల బ్లాకులో నిలబడలేను కాబట్టి, మగపిల్లల వాష్‌రూమ్ దగ్గర వాచీ పట్టుకుని నిలబడ్డాను. ఒక్కొక్కడు ఎన్నిసార్లు కుళాయి కింద చెయ్యి పెడుతున్నాడో గీతలు గీసుకున్నాను. నేపాలీ గార్డు వచ్చి, "సాబ్, ఇక్కడ ఏం చూస్తున్నారు?" అని హిందీలో అడిగాడు. కాళ్ళు చూస్తున్నానంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. షత్తాఫ్ ధారని బకెట్టులో పట్టి కొలిచాను. రాత్రి కూర్చుని అమ్మాయిల బ్లాకుకి లెక్క వేస్తే, మీటరు చెప్పినదానికి ఇంచుమించు సరిపోయింది. రత్నకుమారి నాలుగు బకెట్లకి అందులో ఆనవాలు కూడా లేదు.

లెక్క కుదిరితే ఇంజనీరుకి సంతోషం కలగాలి. నాకు సిగ్గేసింది. ఇంకో నిజం కూడా చెప్పాలి. ఆ లెక్క మడిచి జేబులో పెట్టుకుని మంగళవారం మధ్యాహ్నం దాకా నోరు విప్పలేదు. గురువారం ఆమె వెళ్ళిపోతే ఈ గొడవ దానంతటది సద్దుమణుగుతుందన్న ఆలోచన కూడా వచ్చింది. వచ్చిందని ఒప్పుకుంటున్నాను.

హనాన్ సంతకం

చివరికి హనాన్ టేబుల్ మీద కాగితం పెట్టాను. ఆమె చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"వచ్చే వారం రీడింగులు పంపాలి. ఇది పంపితే పలక పోతుంది. తెలుసా?" అంది.

"తెలుసు."

"ఇది ఇంకెవరికైనా తెలుసా?"

"ఒక క్లీనరుకి తెలుసు. అందరికంటే ముందు ఆమెకే తెలిసింది" అని, అబూ ఖాలిద్ గదిలో ఏం జరిగిందో, నేను ఏం మింగేశానో చెప్పాను.

తిడుతుందనుకున్నాను. ఆమె కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టింది. "నేను రోజుకి ఐదుసార్లు కాళ్ళు కడుక్కుంటాను. ఆ ఫారం మీద నేను సంతకం పెట్టాను" అంది. ఆ తర్వాత, "నీ మీద నాకు కోపం లెక్క తప్పినందుకు కాదు. లే, వెళ్ళి ఆ అధికారితో చెప్పు. ఉత్తరం నేను రాస్తాను" అంది.

అబూ ఖాలిద్ నా మాట పూర్తిగా విన్నాడు. "ఇది ఆ రోజే ఆమె చెప్పిందా?" అన్నాడు.

"చెప్పింది."

"మరి నువ్వెందుకు చెప్పలేదు ముహందిస్?"

"సిగ్గేసింది" అన్నాను. ఇంతకంటే పెద్ద అరబ్బీ మాట నాకు దొరకలేదు.

ఆయన ఫోను తీసి కంపెనీ వాడితో రెండు ముక్కలు మాట్లాడి, "ఖలాస్, ఆమె ఇక్కడే ఉంటుంది" అని పెట్టేశాడు. క్లీనర్లకి గుడ్డలు జాడించుకోవడానికి ఆ వారమే కుళాయి పెట్టించాడు.

హనాన్ ఉత్తరం రాసింది. రెండు గడులు మేమే కలిపి, ఒకటి షత్తాఫ్‌కి, ఇంకోటి నమాజు ముందు కడుక్కోవడానికి, లెక్క తిరగరాసి పంపాం. బంగారు పలక తీసేసి వెండిది పెట్టారు. పైవాళ్ళకి నా మీద కోపం వచ్చింది. తర్వాతి భవనం లెక్కలు నాకు ఇవ్వలేదు. హనాన్ మాత్రం ఆ తర్వాత ఏ ఫారం వచ్చినా, "మనకి కావాల్సి, ఇందులో లేని గడి ఏది?" అని అడిగేది. ఆమెతో పనిచేసిన ఆ ఏళ్ళు నా ఉద్యోగంలో అన్నిటికంటే మంచివి. ఈ పనిలోకి వచ్చే పిల్లలకి నేను చెప్పేది కూడా అదే. ఫారం నింపే ముందు ఆ భవనంలో ఒక రోజు నీళ్ళు వాడండి, ఆ నేల ఎవరు తుడుస్తున్నారో కనుక్కుని వాళ్ళతో మాట్లాడండి.

బుధవారం

రత్నకుమారికి నేనే వెళ్ళి చెప్పాలనుకున్నాను. అమ్మాయిల బ్లాకు నడవాలో తుడుపు కర్ర పట్టుకుని ఉంది. ఇంకెవరూ లేరు.

"నువ్వు పోవాల్సిన పని లేదుమ్మా. నీ మాటే నిజం. లెక్క నాదే తప్పు. అబూ ఖాలిద్‌తో చెప్పినాను" అన్నాను. "ఆ రోజు గదిలో నువ్వు చెప్పింది ఆయనకి నేను సరిగ్గా..." అని ఆగిపోయాను.

"సరిగ్గా చెప్పలేదండి" అంది.

ఆ వెంటనే నేను అబూ ఖాలిద్‌తో అన్న రెండు వాక్యాలూ అరబ్బీలో అప్పజెప్పింది. ఒక్క మాట తేడా లేకుండా. ఆమె నోట్లో అవి నాకంటే చక్కగా, అచ్చం కువైటీ ఆడవాళ్ళు మాట్లాడినట్టు పలికాయి.



"ముందు ఒక కువైటీ మామా, అదేనండి ఇంటి యజమానురాలు, ఆవిడింట్లో పదకొండేళ్ళు చేసేనండి. ఆళ్ళ పిల్లలకి మాటలు నేర్పింది నేనేనండి" అంది.

"అంత అరబ్బీ వచ్చినదానివి, నేను తప్పు చెప్తాంటే ఆ రోజే నువ్వే ఎందుకు చెప్పలేదమ్మా?"

ఆమె బకెట్టులో గుడ్డ ముంచి పిండింది. ముఖంలో కోపం లేదు. అది ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

"నేను చెప్తే ఎదురు మాట్లాడిందంటారండి. అదే మాట మీరు చెప్తే లెక్క అంటారు. అందుకనే ఆయనతో చెప్పకుండా మీతో చెప్పేనండి."